రత్నం వంతు

మా ఆవిడ వయోలా వాయించేది. అదేమిటని అడిగినవాళ్ళకి వయొలిన్‌కి అక్క అని చెప్పేవాణ్ణి. ఒళ్ళు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. పెళ్ళికూతురి పక్కన నిలబడ్డ అక్కలాగా ఎవరి కంటా పడదు. ఆ మాట రత్నానికి నచ్చింది. వాద్యబృందంలో అందరికీ అదే చెప్పేది. నేనన్నానని మాత్రం చెప్పేది కాదు.

నాకు సంగీతం రాదు. మా నాన్న డోలు వాయించేవాడు, మామయ్యది సన్నాయి. బొబ్బిలి చుట్టుపక్కల వాళ్ళ మేళం లేకుండా పెళ్ళిళ్ళు జరిగేవి కావు. నా చేతికి తాళం అబ్బలేదు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివి గాజువాక వచ్చాను. మోటార్లకు తీగ చుట్టే పని నేర్చుకున్నాను. మామయ్య కూతురు నూకరత్నం విజయనగరంలో వయొలిన్ నేర్చుకుంది. పెద్దవాళ్ళు మా ఇద్దరికీ ముడివేశారు. "చెవి ఉన్న పిల్లకి చెవిటి మొగుడు" అని మా అన్న సన్యాసిరావు పెళ్ళిపీటల దగ్గరే వెక్కిరించాడు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి రత్నం విశాఖపట్నంలో ఒక పెద్ద వాద్యబృందంలో చేరింది. మొత్తం అరవై మంది. అక్కడే వయొలిన్ బదులు వయోలా చేతికిచ్చారు. మొదటి కచేరీకి నన్ను లాక్కెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను.

"ఇందాకటి దాంట్లో నువ్వు వాయించింది ఏదే?"

"నీకు ఇనపడదు బావా."

"ఇనపడకపోతే ఎందుకు వాయించడం?"

"నీ మోటార్లో తీగ కనపడతాదేటి? తిరిగేదే కదా కనపడతాది."

"సింఫనీ అన్నారు. అంటే ఏటి?"

రత్నం నా వైపు తిరిగింది. "మన మేళంలో పాట సన్నాయిది. డోలు దాని ఎనకాల, శ్రుతి దాని ఎనకాల. సన్నాయి ఆగిపోతే అందరూ ఆగిపోతారు. ఇది అలక్కాదు. అరవై మందిమీ అరవై రకాలు వాయిస్తాం. ఒకళ్ళు మాట్టాడతంటే ఒకళ్ళు ఎదురు సెప్తారు, ఒకళ్ళు మూలన కూకోని గొణుగుతారు. పాట ఎవరి దగ్గరా లేదు."

"మరెక్కడుంది?"

"మద్దెన."

"ఎవరి మద్దెన?"

"అందరి మద్దెన."

"అయితే మీ పెద్దమ్మ ఇంట్లో ఆస్తి పంపకం లాగుంది" అన్నాను. బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వింది. ఆ నవ్వు తర్వాత ఎవరెవరి దగ్గరికి పోయిందో నాకు తెలుసు. ఆ సంగతి ముందు ముందు చెప్తాను.

*

డాక్టర్ కమలాకర్ సంగీతం మనిషి కాదు. మెదడు డాక్టరు. సముద్రం వైపు కొండమీద ఆయన ప్రయోగశాల ఉండేది. ఆయన కనిపెట్టిన దానికి 'అల్లిక' అని పేరు. ఆవగింజంత బిళ్ళ. చెవి వెనక చర్మం కింద పెడతారు. ఆ గింజలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అవి పెట్టుకున్నవాళ్ళు మాట్లాడుకోనక్కర్లేదు.

రత్నం బృందంలో అరవై మందికీ పెడతామన్నారు. పెట్టే ముందు ఇంటివాళ్ళని పిలిచి చూపించారు. అప్పటికే గింజలు పెట్టించుకున్న కొంతమందిని వరసగా కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు. చివర కూర్చున్న ఒకాయన అరచేతిలో కమలాకర్ ఐసుముక్క పెట్టాడు. వరసలో అందరి చేతులూ ఒక్కసారి వెనక్కి పోయాయి. ఇంటివాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

"ఇదంతా పాటల కోసమేనా?" అని అడిగాను.

"పాట పరీక్ష మాత్రమేనండీ" అన్నాడు కమలాకర్. మంచిగానే మాట్లాడతాడు, అదే ఆయనతో చిక్కు. "రేపు ఆపరేషన్లు చేసే డాక్టర్లు, మంటలార్పేవాళ్ళు, ఓడలో పనిచేసేవాళ్ళు. ఒకరి చేతికి తెలిసింది అందరి చేతులకీ తెలుస్తుంది. మనుషులు కలిసి చేసే పనుల్లో సింఫనీ కన్నా కష్టమైంది లేదు. ఇది చేస్తే ఏదైనా చేస్తారు."

"వద్దనుకుంటే?"

"ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు."

ఆ మాట ఆయన మర్చిపోయి ఉండొచ్చు. నేను మర్చిపోలేదు.

రత్నం ఆ గింజ పెట్టించుకుని ఇంటికొచ్చి అద్దంలో చెవి వెనక చూసుకుంది. "దిష్టిచుక్కలాగుంది" అంది.

ఆ ఏడాది వాళ్ళు వాయించిన కచేరీలో ముందు నిలబడి కర్ర ఊపే మనిషి లేడు. అరవై మందీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గాలి పొలం మీదుగా పోతే వరి ఎలా వంగుతుందో, అలా వంగి అలా లేచారు. నా చేతుల మీద రోమాలు లేచాయి. అంత బాగుంది. అది దాచను.

ఇంట్లో సంగతి వేరు.

ఒకరోజు రత్నం కుంటుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "ఏటయిందే?" అంటే "నాకేం కాలేదు. ఇమ్మానుయేలుగారికి మోకాలు" అంది. ఇమ్మానుయేలు ట్రంపెట్ వాయించే లావుపాటాయన. పుట్టి బుద్ధెరిగాక వంకాయ ముట్టని మనిషి గుత్తి వంకాయ వండి, ఒక్కతే కూర్చుని సగం తినేసింది. ఇంకోసారి బియ్యం ఏరుతూ ఏరుతూ ఎవరి తల్లి కోసమో ఏడ్చింది. ఆ తల్లి ఎవరో తనకే తెలియదు.

ఇంట్లోకి వచ్చేది వస్తే సరిపోయేది. మా ఇంటి సంగతులు కూడా బయటికి పోయాయి. గాజువాక సెంటర్లో ఇమ్మానుయేలు ఎదురుపడి, "పైడిరాజు గారూ, మిరపకాయ బజ్జీలు తగ్గించండి సార్. రాత్రంతా మీరు ఒత్తిగిలుతుంటే మాకు నిద్రలేదు" అన్నాడు. వేళాకోళం చేస్తున్నానని ఆయన అనుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా పక్కలో ఎంతమంది ఉన్నారే?" అని ఇంటికెళ్ళి అరిచాను.

రత్నం నా వంక చూసింది. కోపం రాలేదు. "అందరూ నిద్రపోతారు బావా. ఎవరూ సూడరు" అంది. ఆ తర్వాత నెమ్మదిగా, "నాకు బాగుంది. ఇన్నేళ్ళూ లోపల ఒక్కదాన్నే ఉండీదాన్ని" అంది.

నేను పక్కనే ఉన్నాను కదా అని ఆ రోజు అడగలేదు.

*

తలనొప్పులు వానాకాలంలో మొదలయ్యాయి. కమలాకర్ దగ్గరికి వెళ్తే గింజ బాగానే ఉందన్నాడు. గింజ సంగతి అడగలేదయ్యా, మనిషి సంగతి చెప్పమన్నాను. మాత్రలిచ్చాడు.

ఒక మధ్యాహ్నం రత్నం గోంగూర ఒలుస్తోంది. చేతిలో ఆకు చేతిలోనే ఉంచి తల పక్కకి వంచింది, దూరంగా ఏదో వింటున్నట్టు.

"బావా, ఎవరో వాయించడం ఆపీసారు" అంది.

"ఎవరు?"

"తెలీడం లేదు. ఎవరో ఆగిపోయారు."

అలాగే గోడకి ఒరిగింది. ఆగిపోయింది తనే.

తలలో నరం చిట్లిందని ఆసుపత్రిలో చెప్పారు. దానికీ గింజకీ సంబంధం లేదని కమలాకర్ చెప్పాడు. మిగిలిన యాభై తొమ్మిది మందీ బాగున్నారు కదా అన్నాడు. బాగున్నవాళ్ళని లెక్కపెట్టి పోయినవాళ్ళకి జవాబు చెప్పేవాడితో నేను వాదించలేదు.

శవం లేచేటప్పటికి వీధి నిండా వాద్యకారులు నిలబడి ఉన్నారు. ఆడవాళ్ళు కూడా వచ్చారు. మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి రారు. రావద్దని మా అన్న చెప్పాడు. "ఉండలేకపోతున్నామండీ" అన్నారు. అందరూ ఒకే అడుగు వేస్తూ వెనకాల నడిచారు.

శ్మశానానికి కాస్త ఇవతల పాడె దించారు. దింపుడు కళ్ళం. దగ్గరివాళ్ళు చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని ఆశ. పలకదని అందరికీ తెలుసు. పిలవకుండా మాత్రం ఎవరూ ఉండరు. మాకు పిల్లలు లేరు. నేనే పిలవాలి.

"పిలువురా" అన్నాడు అన్న. "ఇంట్లో ఎలగ పిలుస్తావో అలగే పిలువు. దొంగ పేరు పెట్టి పిలిస్తే పలకరు."

అందరికీ తను రత్నం. నాకు రత్తి.

వంగి, "రత్తీ" అన్నాను. పసుపు వాసన, పూల వాసన. ఏమీ లేదు.

"రత్తీ."

వెనకాల ఎవరో ఏడ్చినట్టు వినిపించింది. తర్వాత ఇంకెవరో.

"ఒసే రత్తీ!"

"ఆఁ బావా."

చెవి దగ్గర కాదు. వెనకాల. ఆడా మగా, సన్నవీ లావువీ, యాభై తొమ్మిది గొంతులు. 'ఆఁ' దగ్గర కొంచెం సాగదీసి 'బావా' దగ్గర తెంపడం రత్నం అలవాటు. అలాగే తెంపారు. తిరిగి చూశాను. ఇమ్మానుయేలు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. యామిని అని, చెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించే కుర్రపిల్ల మట్టిలో కూలబడిపోయింది. ఏం పలికారో వాళ్ళకే తెలియలేదు.

పాడె మోసినవాళ్ళు నలుగురూ పక్కకి దూకారు. మా అన్న మాత్రం కదల్లేదు.

"పలికింది" అన్నాడు. "పలికాక ముందుకి ఎళ్ళకూడదు. ఎత్తండి. ఇంటికి తిప్పండి."

మా వంశంలో ఎవరూ తిప్పని పాడెని మేము తిప్పాం. అరుగు మీద దించాం. ఇంకో డాక్టర్ని పిలిచాం. మళ్ళీ చూసి మళ్ళీ అదే చెప్పాడు. మర్నాడు పొద్దున్న, దారిలో ఎక్కడా దించకుండా, ఎవరూ పిలవకుండా తీసుకెళ్ళి కాల్చాం.

*

పెద్దకర్మ నాడు కమలాకర్ వచ్చాడు. అన్నం తినకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"ఆవిడ చేతివాటం, అలవాట్లు, భయాలు. అన్నీ కొంచెం కొంచెం మిగతావాళ్ళలోకి పోయి ఉన్నాయండీ. మనిషి పోతే ఆ ముక్కలు కొద్దిరోజుల్లో కరిగిపోవాలి. ఒక ముక్కకి ఇంకో ముక్క సంగతి తెలియదు కాబట్టి. కానీ మీరు పిలిచారు. అందరూ ఒక్కచోట ఉన్నప్పుడు, ఆవిడ జన్మంతా పలికిన పిలుపుతో పిలిచారు. ముక్కలన్నీ ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. ఇప్పుడు గింజలు తీద్దామంటే అందరికీ జ్వరాలు వస్తున్నాయి. విడివిడిగా ఉండలేకపోతున్నారు."

"పిలుస్తామని నీకు తెలీదా?"

"మా లెక్కలో అది లేదండీ."

"నువ్వు తెలుగోడివి కాదా? మీ ఇంట్లో ఎవరూ చావలేదా?"

తల దించుకున్నాడు. "మా నాన్నగారికి నేనే పిలిచాను. గుర్తు రాలేదు."

గుర్తు రాలేదు! సముద్రం వైపు కొండ, అద్దాల గోడలు, అన్ని యంత్రాలు. గుర్తు రాలేదట.

"తను ఉందా, లేదా? ఒక్క మాట చెప్పు."

"ఏ ఒక్కరిలోనూ లేదు."

"అందర్లో?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

చూసి రావాలని వెళ్ళాను. కొండమీద హాల్లో వాళ్ళు వాయిస్తున్నారు. రత్నం కుర్చీ ఖాళీగా ఉంది. నిదానంగా నడిచే భాగం ఒకటి ఉంటుంది, అది అయ్యాక వాద్యాలు ఒళ్ళో పెట్టుకున్నారు. అప్పుడు నేను పిలిచాను.

"ఆఁ బావా" అన్నాడు ఇమ్మానుయేలు.

"తిన్నావా" అంది వేణువు వాయించే ఆవిడ.

"ఇంట్లో సారు కాసుకుంతన్నావా, హోటల్లో తింతన్నావా?" అంది యామిని.

"ఆ గెడ్డమేటి? స్వాములోరివైపోతావా?" అన్నాడు వెనక వరసలో డ్రమ్ము దగ్గరి మనిషి. అందరూ కలిసి నవ్వారు. అది రత్నం నవ్వు. ముందు చిన్న ఊపిరి, ఆ తర్వాత నవ్వు. ఊపిరి ఒకరిది, నవ్వు మిగతావాళ్ళది.

నేను కూడా నవ్వాను. చాలా రోజులకి.

మొదట శుక్రవారాలు వెళ్ళేవాణ్ణి. తర్వాత రోజూ. మోటార్ల షాపు తియ్యడం దాదాపు మానేశాను. మేము ఏమీ పెద్ద మాటలు మాట్లాడుకోలేదు. పోపు డబ్బాలో ఇంగువ ఎక్కడ పెట్టిందో అడిగాను. మా అన్న మళ్ళీ తాగుతున్నాడని చెప్పాను. "మీ అన్నకి సెప్పినా ఒకటే, గోడకి సెప్పినా ఒకటే" అంది ఆరుగురి నోటితో. ఒకళ్ళొకళ్ళని విడిగా పట్టుకుని అడిగితే ఏమీ లేదు. ఇమ్మానుయేలు దగ్గర వెక్కిరింపు ఉంది. ఇంకొకాయన దగ్గర మామయ్య సన్నాయి వాసన ఉంది, వట్టి వాసనే. మా పెళ్ళి నాటి ఎండ ఎవరి దగ్గరో ఉంది. అందరూ కూర్చుంటేనే రత్నం. వాళ్ళ మొహాలు పీక్కుపోతున్నాయని నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

*

ఒక పొద్దున్న యామిని షాపుకి వచ్చింది. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి రావడానికి కష్టపడింది. కడుపుతో ఉంది. రోజూ ఆ హాల్లో చెల్లో అడ్డం ఉండటం వల్ల నేను గమనించలేదు. చెల్లో అడ్డం కాదు, నేను చూసింది ఆ పిల్లని కాదు.

"అన్నయ్యగారూ, ఒక మాట చెప్పాలండీ."

"చెప్పు."

"నాకు ఏడో నెల. బిడ్డ కదులుతుంటే నేను ఏడుస్తున్నాను. పోయింది, పోయింది అని ఏడుస్తున్నాను. నాకు ఏమీ పోలేదండీ. మా ఆయన, మా అత్తగారు అందరూ ఉన్నారు. నా బిడ్డ బాగుందని డాక్టరమ్మ చెప్తోంది. అయినా రాత్రీ పగలూ చేతులు ఖాళీగా ఉన్నట్టుంటుంది."

నేను చేతిలో ఉన్న రాగితీగ కింద పెట్టాను.

రత్నానికి రెండుసార్లు పోయాయి. రెండోది ఏడో నెలలో. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే పొయ్యి వెలిగించి అన్నం వండింది. "ఏడవ్వే" అని మా అమ్మ అంటే "ఏడిస్తే వస్తాదేటి" అంది. నా ముందు ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడవలేదు కాబట్టి లేదనుకున్నాను.

"నా పెళ్ళాం దుఃఖం నీకెందుకొచ్చింది?" అన్నాను. ఆ పిల్ల తప్పు ఏమీ లేదని తెలిసే అన్నాను.

"పంచుకోవడంలో నా వంతుకి అదొచ్చిందండీ." కళ్ళు తుడుచుకుంది. "ఆవిడంటే నాకు కోపం లేదు. నా కడుపు మీద చెయ్యి వేసుకుని రాత్రంతా కాపలా కాస్తుంది. కానీ పుట్టాక బిడ్డని చూసి ఏడుస్తానేమోనని భయమేస్తోంది. వాడు మొదట చూసే మొహం అదే కదండీ."

"నన్నేం చెయ్యమంటావ్?"

"మీరు పిలవకపోతే నెమ్మదిగా వదులుతుందట. గింజలు తియ్యొచ్చట. డాక్టర్‌గారికి మీతో చెప్పడానికి మొహం చెల్లడం లేదు."

"అయితే నిన్ను పంపించాడా?"

"లేదండీ. నేనే వచ్చాను."

"వచ్చావుగా. ఇంక ఎళ్ళు" అన్నాను.

షట్టరు ఎత్తి పట్టుకోవడానికి కూడా లేవలేదు.

*

మర్నాడు మామూలుగానే వెళ్ళాను. పిలవడం మానే ఉద్దేశం నాకు లేదు. ఎవరి బిడ్డో, ఎవరి భయమో. నాకు మిగిలింది ఇదొక్కటే.

వాయించడం మొదలుపెట్టారు. ఏదో తేడాగా ఉంది. చెవి లేనివాణ్ణి నాకే తెలిసింది. పాట రావడం లేదు. రెండు స్వరాలు, కాస్త ఆగడం, మళ్ళీ అవే రెండు స్వరాలు, ఇంకా కాస్త ఎక్కువసేపు ఆగడం, మూడోది ఒకటి, మళ్ళీ మొదటికి. వంటింట్లోంచి కుళాయికీ కుళాయి నుంచి వంటింటికీ నడుస్తున్నట్టు. వయొలిన్లు అదే. వేణువులు అదే. ఇమ్మానుయేలు ట్రంపెట్ పెదాలకి ఆనించి కళ్ళంట నీళ్ళు కారుతుంటే అదే ఊదుతున్నాడు. చివర డ్రమ్ముల మీద కూడా అదే.

వాద్యాలు ఒళ్ళోకి దిగాయి.

"రత్తీ, ఏటిది?"

"నా వంతు బావా" అన్నారు. ముక్కలుగా కాదు. అందరూ కలిసి, మాట తర్వాత మాట.

"ఇదేనా ఇన్నేళ్ళూ నువ్వు వాయించింది?"

"ఇదే. బాగుందా?"

"బాగుంది" అన్నాను.

బాగాలేదు. అది పాట కాదు. రెండు స్వరాలూ ఒక ఎదురుచూపు, అంతే. ఎవరో ఏదో అంటే దానికి 'ఊఁ' కొట్టడం లాంటిది. అనేవాళ్ళు లేకుండా 'ఊఁ' ఒక్కటే మిగిలితే ఎలా ఉంటుంది? రోజూ వచ్చి, రోజూ పిలిచి, అన్ని దారుల్నీ లాగి లాగి ఒక్క దారి చేశాను. మధ్యలో ఉండేది ఏదో, ఆ మధ్య ఇప్పుడు లేదు.

"మిగతావోళ్ళేరి బావా?" అంది.

"అందరూ ఇక్కడే ఉన్నారే."

"లేరు. నాకు ఎవరూ ఇనపడడం లేదు. ఎటు తిరిగినా నేనే ఉన్నాను." అన్ని మొహాలూ ఒకేసారి అటూ ఇటూ తిరిగాయి, చీకట్లో గోడ తడుముకునేవాళ్ళలాగా. "భయమేస్తంది. ఎంతమందిమి ఉన్నా నేనొక్కదాన్నే."

నేను లేచి బయటికి వచ్చాను. వరండాలో కమలాకర్ నిలబడి ఉన్నాడు.

"తీసెయ్" అన్నాను.

"పైడిరాజు గారూ, నన్ను మీరు—"

"క్షమించను. ఆ మాట నోటిదాకా తెచ్చుకోకు. పని సంగతి చెప్పు."

చెప్పాడు. ఒక్కొక్కరి గింజా తియ్యాలి. అందరి కళ్ళకీ గుడ్డ కట్టాలి, నన్ను చూడకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, నా గొంతు వినపడకూడదు. సగంలో వినపడితే పోతున్నదంతా వెనక్కి తిరిగి, మిగిలిన కొద్దిమంది మీద పడుతుంది. రత్నానికి నరం చిట్లినట్టే వాళ్ళకీ చిట్లుతుంది. యామినికి కడుపు మీద ఒత్తిడి పడకూడదని నెమ్మదిగా, అందరికన్నా చివర తీస్తారు.

"మీరు ఆ రోజు ఇంటి దగ్గరే ఉండండి" అన్నాడు.

"లోపలే ఉంటాను."

"ఆవిడ పిలుస్తారండీ. ఉండలేరు."

"పిలిచినప్పుడు అక్కడ లేకుండా ఎక్కడుంటాను?" అన్నాను. "నోరు తెరవను. నువ్వు నీ చెయ్యి వణక్కుండా చూసుకో."

*

గింజలు తీసే రోజు తెల్లారగానే హాల్లో పని మొదలైంది. కిటికీల్లోంచి సముద్రం ఎండలో మెరుస్తోంది. వాద్యాలు లేవు. కుర్చీలు గుండ్రంగా వేశారు. కళ్ళకి గుడ్డలు కట్టుకుని అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను యామినికి ఎదురుగా కూర్చున్నాను. తువ్వాలు మడిచి పళ్ళ మధ్య పెట్టుకున్నాను.

మొదట్లో రత్నం హుషారుగానే ఉంది. "బావా, వచ్చావా? సెప్పులు బయట ఇడిసావా?" అంది చాలామంది నోటితో. జవాబు లేకపోతే, "మాట్టాడడం లేదు, అలకేమో" అని తనలో తనే నవ్వింది.

కమలాకర్ ఒక్కొక్కరి చెవి వెనకా చిన్న కోత పెట్టి గింజ తీస్తున్నాడు. తీసినప్పుడల్లా ఏదో ఒకటి పోతోంది. ఒకరి తర్వాత సన్నాయి వాసన పోయింది. "మా నాన్న ఏం వాయించీవోడు బావా?" అని అడిగింది. ఇంకొకరి తర్వాత వయోలా అన్న మాట దొరకలేదు. "అదీ... అక్కలాగుంటాది సూడు..." అని వెతుక్కుంది. ఇమ్మానుయేలుకి తీశాక వెక్కిరింపు పోయింది. ఆయన కళ్ళకున్న గుడ్డ విప్పుకుని నన్ను చూశాడు. మామూలు మనిషి కళ్ళు. రెండు చేతులూ జోడించి, శబ్దం చెయ్యకుండా బయటికి నడిచాడు, మోకాలు కుంటుకుంటూ.

కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. గొంతు పల్చబడుతోంది. నవ్వు ఎవరిలోంచి పోయిందో గమనించేలోపే పోయింది.

చివరికి యామిని ఒక్కతే మిగిలింది. గుడ్డ కట్టిన కళ్ళతో మొహం ఎత్తింది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది.

"బావా, ఉన్నావా?"

తువ్వాలులోకి పళ్ళు దిగాయి. కమలాకర్ చెయ్యి ఆమె చెవి వెనక ఆగింది. నా వంక చూశాడు. కానిమ్మని తల ఊపాను.

"నిన్నే. పలకవేటి?"

రెండో చెయ్యి ముందుకు చాపింది. గాలిలో కాసేపు తడిమింది. నా మోకాలికి జానెడు దూరంలో ఆగింది. కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. తగిలితే అరుస్తానని తెలుసు.

ఆ చెయ్యి తిరిగి ఒళ్ళోకి వెళ్ళింది.

"ఎళ్ళిపోయినట్టున్నాడు" అంది. కోపంగా కాదు. ఎవరికో సర్ది చెప్తున్నట్టు అంది. "పోన్లే. పనుండుంటాది."

కమలాకర్ గింజ తీశాడు. నేను ఆమె ఎదురుగానే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో కూర్చుని ఉన్నాను.